మజ్జిగ కలిపిన సాక

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఉందని ఎవరైనా అంటే నవ్వొచ్చేది. ఇప్పుడు నాకేదో తెలుసని ఎవరైనా అంటే అలసట వస్తుంది. అయినా అంటూనే ఉంటారు. ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒక కుర్రాడు నన్ను గుడారం వెనక్కు పిలిచి, రెండు సీసాలు చూపించి, "మామా, గీ రెండిట్ల ఏది మంచిది?" అని చెవిలో అడుగుతాడు. నేను తాగుడు మానేసి ఏళ్ళవుతోందని, పొద్దున్నే షుగర్ బిళ్ళ, రాత్రికి బీపీ బిళ్ళ వేసుకుని బతుకుతున్నానని వాడికి తెలుసు. తెలిసే అడుగుతాడు. బీదర్ జిల్లా మన్నాఏఖేళ్ళి చుట్టుపక్కల, కన్నడ గడ్డ మీది మా తెలుగు ఊళ్ళలో ఒకసారి పేరు పడితే ఇక అంతే. నా పేరు సీసాల పంతులు. ఆ పేరు ఎవరూ ఊరికే పెట్టలేదు. నేనే సంపాదించుకున్నాను, చాలా మందిని విసిగించి మరీ.

డిగ్రీ మధ్యలో వదిలేసి (అది నన్ను వదిలేసిందనడం న్యాయం) నేను బీదర్ బస్టాండు దగ్గర ఒక వైన్ షాపు కౌంటర్లో చేరాను. మా సేట్‌ది భాల్కి వైపు. మరాఠీలో మొదలుపెట్టి, కన్నడంలో తిట్టి, ఉర్దూలో క్షమించి, నాతో మాత్రం మా తెలుగే మాట్లాడేవాడు. పని పెద్దగా లేదు. అడిగిన సీసా అందివ్వడం, కాగితంలో చుట్టడం. మధ్యాహ్నాలు ఖాళీ. ఆ ఖాళీలో నేను సీసాల మీది అక్షరాలన్నీ చదివాను. కాలేజీలో పుస్తకాలు అంత శ్రద్ధగా చదివి ఉంటే ఈపాటికి ఏ తాలూకా ఆఫీసులోనో ఫ్యాను కింద కూర్చునేవాడిని. విస్కీ ధాన్యంతో చేస్తారనీ, బ్రాందీ ద్రాక్షదనీ, రమ్ము చెరుకు మడ్డిదనీ, జిన్నుకు ఏదో అడవికాయ వాసన పట్టిస్తారనీ, వోడ్కాకు ఏ వాసనా లేకపోవడమే దాని గొప్పతనమనీ, ఇవన్నీ మరిగించి ఆవిరిని చల్లార్చి దించినవైతే వైన్ మాత్రం నిప్పు మొహం చూడకుండా ద్రాక్షరసం తనంతట తాను పులిసి తయారవుతుందనీ తెలుసుకున్నాను. తెలుసుకుని ఊరుకుంటే బాగుండేది. క్వార్టర్ సీసా కోసం వచ్చిన కొల్హార్ ఫ్యాక్టరీల షిఫ్టు కూలీని నిలబెట్టి ఇవన్నీ చెప్పేవాడిని. అతని ఆటో వెళ్ళిపోయేది.

"అరే పంతులూ, గింత లెక్చర్ ఎందుకుర భై?" అన్నాడు సేట్ ఒకరోజు. "మన దగ్గరికొచ్చే విస్కీ, బ్రాందీ, రమ్ము, శానమటుకు అన్ని చెరుకు మడ్డికెళ్ళే వస్తయి. ఒకదానికి రంగు ఎక్కువ, ఒకదానికి వాసన ఎక్కువ. అన్నీ ఒక్క తల్లి పిల్లలే."

నేను నమ్మలేదు. నమ్మితే ఇక నాకు చెప్పడానికి ఏం మిగులుతుంది?

సెలవుకు ఇంటికి వెళ్తే మా అరుగు మీద దర్బారు. జలుబుకు బ్రాందీ, చలికి రమ్ము, కడుపు బరువైతే నిమ్మకాయ పిండిన జిన్ను. డాక్టరు కూడా అంత ధైర్యంగా చీటీ రాయడు. మా చిన్నాయన నా మాట పట్టుకుని జలుబుకు బ్రాందీ మొదలుపెట్టాడు. జలుబు వారంలో పోయింది. బ్రాందీ పోలేదు. చిన్నమ్మ ఇప్పటికీ నాతో మాట్లాడేటప్పుడు గోడను చూసి మాట్లాడుతుంది. ఆమెది తప్పని నేను అనను. ఆ తర్వాత కొన్నేళ్ళకు నా చీటీలు నేనే మింగడం మొదలుపెట్టాను. ఆ సంగతి ఇక్కడ చెప్పను. అందులో నవ్వేదేమీ లేదు, అది చెప్పవలసిన మనిషికి, అంటే నా భార్యకు, చెప్పుకున్నాను. ఇది దానికి ముందు సంగతి.

అప్పట్లో మా అక్కకు చాలా కాలానికి ఒక కూతురు పుట్టింది. పుట్టడమే నెల తక్కువ, పిట్టంత ప్రాణం. బీదర్ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. మా అమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మా ఊరి పోచమ్మకు మొక్కుకుంది: పిల్ల నిలబడితే ఆషాఢంలో బోనం ఎత్తి, కుండ నిండా కల్లు సాక పోస్తానని. సాక అంటే అమ్మవారి గుడి ముందు ధారగా పోసేది. వేప కొమ్మల నీళ్ళతో కూడా పోస్తారు కానీ, మా వాళ్ళకు మొక్కు సాక అంటే కల్లే. అది తీరేదాకా అమ్మ చాయ్ మానేసింది. మా అమ్మ చాయ్ మానేయడమంటే ఏమిటో మీకు తెలియదు. పొద్దున్నే చాయ్ పడకపోతే కోళ్ళను కూడా విడవని మనిషి ఆమె. పిల్ల నిలబడింది, బోర్లా పడింది, పాకింది. కానీ మొక్కు తీరలేదు. మా రాష్ట్రంలో కల్లు బందు చేశాక కల్లు దుకాణాలన్నీ మూతపడ్డాయి, మొదటి ఆషాఢంలో చుక్క దొరకలేదు. పోచమ్మ గుడి ముందు అమ్మ వట్టి కుండ పట్టుకుని నిలబడి వచ్చేసింది. ఆ తర్వాత పిల్లకు చిన్న జ్వరం వచ్చినా అమ్మ కళ్ళు గుడి వైపే పోయేవి. చాయ్ వాసన వస్తే ఇంట్లోంచి లేచి బయటికి వెళ్ళిపోయేది.

రెండో ఆషాఢం వచ్చింది. మా బావది సరిహద్దుకు అవతల, జహీరాబాద్ వైపు ఊరు. కొల్హార్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో పని. వాళ్ళ ఊళ్ళో కల్లుకు కొదవ లేదు. "అత్తా, మీరు పరేషాన్ గాకుండ్రి. పోయిన ఏడు సెలవు దొరకలే, గీసారి నేను తెస్త," అన్నాడు మా అరుగు మీద కూర్చుని. అమ్మ మొహం విప్పారింది. అక్కడితో కథ అయిపోవలసింది.

"నువ్వెందుకు బావా? గీ ఇంట్ల గీ లైన్ల ఉన్నది నేను," అన్నాను.

బావ నన్ను నెమ్మదిగా చూశాడు. "కల్లు నీ లైన్ గాదు బామ్మర్ది. అది షెల్ఫు మీద కూసునేది గాదు."

"పులిసినదే కద. వైన్ గూడ గంతే. నాకు తెల్వదా?"

"తెలిస్తే మంచిదే. గని మూత బిగియ్యకు. నోట్ల జర గడ్డి కుక్కి పట్కరా."

ఆ మాటే నన్ను చెడగొట్టింది. మూత గురించి నాకు చెప్పడమా! సీలు వేసిన సీసాల మధ్య పగలంతా బతికేవాడిని. సీలు లేని సరుకు అంటే మా కౌంటర్లో అవమానం. బావ చెప్పకపోతే ఏమో, చెప్పాడు కాబట్టే బిగించాను.

బోనం రోజు పొద్దున్నే సరిహద్దు దాటి వెళ్ళి, కడిగి తెచ్చుకున్న నూనె డబ్బాలో నిండుగా కల్లు పోయించుకున్నాను. (అలా సరిహద్దు దాటించకూడదని కూడా నాకు తెలియదు. తెలియనివాటిలో అదొకటి.) మూత బిగించి, బిగించిన మూత మీద గుడ్డ కట్టి, గుడ్డ మీద దారం చుట్టాను. ఆ డబ్బాతో పాటు నా భుజం సంచిలో ఇంకొకటి ఉంది: ఒక తెల్ల వైన్ సీసా. మా షాపు బోర్డు మీద వైన్స్ అని బారెడు అక్షరాలు ఉన్నా లోపల ఉన్న వైన్ అదొక్కటే. కోట చూడటానికి వచ్చే దొరలు కొంటారని సేట్ తెప్పించాడు. దొరలు కోట చూసుకుని నీళ్ళ సీసా కొనుక్కుని వెళ్ళిపోయేవారు. దుమ్ము తుడిచీ తుడిచీ విసుగొచ్చి, "తీస్కపో పంతులూ, పండుగకు మీ బావకు తాపియ్యి," అని నా చేతిలో పెట్టాడు. రాత్రి భోజనాల దగ్గర బావకు అది పోసి, ద్రాక్ష గురించి చెప్పి, అతను నోరు తెరుచుకుని వింటుంటే చూడాలని నా కోరిక.

బస్సులో డబ్బాను కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. వాన లేదు, ఉక్కపోత. కింద ఇంజను వేడి. జహీరాబాద్ దాటాక డబ్బా కొంచెం లావెక్కినట్టు కనిపించింది. నా కళ్ళకు నిద్ర చాలలేదనుకున్నాను. ఇంకొంచెం దూరం వెళ్ళాక అది సన్నగా మూలగడం మొదలుపెట్టింది. పక్క సీటు ముసలాయన, "ఏందయ్య, కోడిపిల్లలున్నయా?" అని అడిగాడు. "లేదు తాతా, కల్లు," అని చెప్పే లోపలే దారం తెగింది. మూత లేచి బస్సు కప్పుకు తగిలి డ్రైవరు దాకా వెళ్ళింది. దాని వెనకే తెల్లటి నురగ చిమ్మింది. ముందు సీట్లో ఒక కుటుంబం, అందరూ తెల్ల బట్టలు కట్టుకుని, హుమ్నాబాద్‌లో పిల్లను చూడటానికి పోతున్నారు. పెళ్ళికొడుకు తల నుంచి కారుతున్న కల్లును వాళ్ళమ్మ కొంగుతో తుడుస్తూ నన్ను తిట్టిన తిట్లు మూడు భాషల్లో ఉన్నాయి. ఏ భాషలోనూ తప్పు లేదు. ఆ సంబంధం కుదిరిందో లేదో నాకు తెలియదు. కుదిరి ఉండాలని ఇప్పటికీ అనుకుంటాను.

"ఏన్రీ ఇదు! ఇళీరి, ఇళీరి!" అంటూ కండక్టరు మన్నాఏఖేళ్ళిలో నన్ను దించేశాడు.

సంతలో అంతమంది మధ్య నేను తల నుంచి చెప్పుల దాకా కల్లు కంపుతో నిలబడ్డాను. డబ్బా అడుగున ఒక గుక్కెడు మిగిలింది. వెనక్కు వెళ్ళి తెచ్చే టైము లేదు. పొద్దు తిరగగానే బోనం లేస్తుంది. బావకు ఫోను చేయవచ్చు. "మూత బిగించినవా?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న వినడం ఇష్టం లేక నేను మా అమ్మ మొక్కును పణం పెట్టాను. నా జీవితంలో చేసిన చెడ్డ పనులన్నిటికీ మూలం వెతికితే తాగుడు కనిపించదు, ఇదే కనిపిస్తుంది.

అక్కడ నిలబడి నేను నా చదువునంతా తిరగేశాను. సంత మూలనున్న దుకాణంలో రమ్ము, విస్కీ దొరుకుతాయి. కానీ అవి నిప్పు మీద మరిగినవి, అమ్మవారికి పోసే సాక పచ్చిగా పులిసినదై ఉండాలి కదా అని నాకు నేనే ఒక శాస్త్రం చెప్పుకున్నాను. నిప్పు చూడనిది నా సంచిలోనే ఉంది. ద్రాక్ష అయితేనేం, ఈత అయితేనేం, రెండూ చెట్టు ఇచ్చినవే. (ద్రాక్ష తీగ అని తర్వాత గుర్తొచ్చింది.) ఒక హోటలు వెనక నిలబడి వైన్ సీసా మొత్తం డబ్బాలో పోశాను. రంగు రాలేదు, గడ్డి నీళ్ళలా ఉంది. తెలుపు కోసం మజ్జిగ కొని కలిపాను. నురగ కోసం గోలీ సోడా కొట్టించి పోశాను. వాసన చూశాను. ద్రాక్షతోటలో బర్రె పడుకున్నట్టుంది. ఈసారి మూత బిగించలేదు. నోట్లో గడ్డి కుక్కాను, బావ చెప్పినట్టే.

ఇంటికి చేరేసరికి డప్పులు మోగుతున్నాయి. అమ్మ పసుపు చీర కట్టుకుని గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. నా చేతిలో డబ్బా చూడగానే ఎదురొచ్చింది. రెండు చేతులతో తీసుకుని కళ్ళకు అద్దుకుంది. ఆ నూనె డబ్బాను. "కొడుకా, నా మొక్కు తీర్సినవ్‌రా," అంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. వెనక నుంచి బావ వచ్చాడు, సంకలో పిల్ల. గడ్డి కుక్కిన డబ్బా నోటిని చూశాడు, నా తడి అంగీని చూశాడు. "శభాష్ బామ్మర్ది, మూత బిగియ్యలే," అన్నాడు. నేను నోరు మూసుకున్నాను.

మా ఊళ్ళో అమ్మవారు పూనేది మా మేనత్తకు. మామూలు రోజుల్లో ఆమె మాట ఇంట్లో కోడలు కూడా వినదు. పూనకం వచ్చినప్పుడు మాత్రం ఊరి పెద్దలు కూడా చేతులు కట్టుకుంటారు. గుడి ముందు డప్పుల జోరుకు అత్త జుట్టు విప్పుకుని ఊగడం మొదలుపెట్టింది. అమ్మ డబ్బాలోది కుండలో పోసుకుని, గడప ముందు సాక పోసి, కుండ ఆమెకు అందించింది. సాక అందిందో లేదో అమ్మవారు రుచి చూసి చెప్పాలి, ఆ తర్వాత మిగిలింది ఇంటి అల్లుడికి మొదట ప్రసాదంగా పోయాలి. అది మా ఆచారం. బావ అప్పటికే దోసిలి పట్టి నిలబడ్డాడు.

ఇక్కడ మా అత్త గురించి ఒక మాట చెప్పాలి. కల్లు బందు కాకముందు ఆమె రోజూ పొద్దుగూకే వేళకు ఒక ముంత తాగి గానీ పొయ్యి ముట్టించేది కాదు. ఏ చెట్టు కల్లో వాసనతో చెప్పేది. అలాంటి మనిషి కుండ ఎత్తి ఒక గుక్క తాగి, ఊగడం ఆపింది. డప్పులు ఆగాయి. ఆమె కళ్ళు నెమ్మదిగా తిరిగి వచ్చి నా మీద నిలిచాయి.

"ఎవలు తెచ్చిన్రు గీ సాక?"

"నా కొడుకు తల్లీ," అంది అమ్మ. ఆమె గొంతులో రెండేళ్ళ భయం ఉంది. "ఏమన్న తప్పైందా తల్లీ? అందిందా? అందిందని ఒక్క మాట చెప్పు తల్లీ."

"ఏడికెళ్ళి తెచ్చినవు బాలకా?"

"దూరంకెళ్ళి తెచ్చిన తల్లీ."

"ఎంత దూరం?"

"శాన దూరం తల్లీ," అన్నాను. సీసా మీద రాసిన ఊరు గుర్తొచ్చి, అదొక్కటైనా అబద్ధం కాదని సంతోషించాను.

అత్త అమ్మను చూసింది. అక్క సంకలోని పిల్లను చూసింది. పిల్ల డప్పులు ఎందుకు ఆగాయో తెలియక ఏడుపుకు సిద్ధంగా మూతి విరుస్తోంది. అప్పుడు అమ్మవారు గట్టిగా అరిచింది: "అందిందిరా! నా సాక నాకు అందింది! నా పిల్లకు ఏం గాదు, నేను జూసుకుంట!" అని కుండ ఎత్తి, ఇక దించలేదు. గటగటా తాగుతూనే ఉంది. చివరి చుక్క దాకా తాగి కుండను బోర్లించి చూపించింది. బావ దోసిలి అలాగే ఖాళీగా ఉండిపోయింది.

"అమ్మవారికి గింత దాహం ఎన్నడు జూడలే," అన్నాడు బావ.

సాయంత్రం ఇంట్లో పొయ్యి మీద చాయ్ మరిగింది. అక్క గ్లాసులో పోసి ఇస్తే అమ్మ చాలాసేపు వాసన చూస్తూ కూర్చుంది. తాగడం మరిచిపోయిందా అనుకున్నాను. తర్వాత ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువేసినవ్," అంది అక్కతో. ఇల్లంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంటి వెనక మంచం మీద అత్త తలకు గుడ్డ కట్టుకుని పడుకుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"కొడుకా," అంది కళ్ళు తెరవకుండా. "అది కల్లు గాదు గద."

"గాదత్తా." ఇక దాచడానికి ఓపిక లేదు. "బస్సుల పేలిపోయింది. అడుగున గుక్కెడు మిగిలిండె. తక్కినదంతా వైన్. ద్రాక్షలది."

"మజ్జిగ పోసినవా?"

"పోసిన. తెలుపు రాలేదని."

"మజ్జిగెందుకు పోసినవ్‌రా దొంగ సచ్చినోడా! అంత మంచిదాన్ని పాడు జేసినవ్. కడుపుల ఒక్కటే గడబిడ. వచ్చే ఏడు మజ్జిగ లేకుంట పట్కరా."

ఆమె తలగుడ్డ సర్దుతూ అడిగాను. "అత్తా, గప్పుడు అందిందన్నది నువ్వా, అమ్మవారా?"

"నాకేం యాదికున్నది కొడుకా," అని అటు తిరిగి పడుకుంది.

అక్కడితో అయిపోలేదు. ఆ తర్వాత ప్రతి ఆషాఢంలో బావ వాళ్ళ ఊరి నుంచి అసలు కల్లు తెచ్చేవాడు, సాక ఘనంగా సాగేది. అత్త ఊగి, రుచి చూసి, అందిందని చెప్పి, చివర్లో నా వైపు తిరిగి, "బాలకా, దూరంకెళ్ళి తెస్తివి గద, అది యాడున్నది?" అనేది. ఊరంతా నా వైపు చూసేది. నేను సంచిలోంచి కాగితంలో చుట్టిన సీసా తీసి ఇచ్చేవాడిని. షాపు మానేసినా, తాగుడు మానేసినా ఆ ఒక్క సీసా కొనడం మానలేకపోయాను. మానేసిన కొత్తలో చేతులు వణుకుతుండగా ఆ సీసాను బీదర్ నుంచి ఊరిదాకా మూత తీయకుండా మోసుకెళ్ళడమే నాకు పడిన శిక్ష అనుకునేవాడిని. శిక్షో, దారో, ఇప్పుడు చెప్పలేను.

మొన్నామధ్య అత్త పోయింది. పూనకం ఇంకా ఎవరికీ రాలేదు. ఈ ఆషాఢంలో కూడా అలవాటు కొద్దీ నేను బస్టాండు దగ్గర దుకాణానికి వెళ్ళి తెల్ల వైన్ అడిగాను. కౌంటర్లో కుర్రాడు కొత్తవాడు. "అంకుల్, గిది మామూలుగ తాగేది గాదు. సల్లగ పెట్టాలె. ద్రాక్షలది, మరిగియ్యరు, తనంతట తనే పులుస్తది, తెల్సా?" అని మొదలుపెట్టాడు. నా బస్సు వెళ్ళిపోతోంది. నేను నిలబడి చివరిదాకా విన్నాను. "తెల్వదు బిడ్డా, మంచిగ జెప్పినవ్," అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు నాకు బాగా తెలుసు. వాడిని చూస్తే కోపం రాలేదు, భుజం మీద చెయ్యి వేసి ఇంటికి పంపించేయాలనిపించింది.

గుడి దగ్గర బావ కల్లు కుండతో ముందే వచ్చి ఉన్నాడు. ఆ పిట్టంత పిల్ల ఇప్పుడు బీదర్ కాలేజీలో చదువుతోంది, తలమీద బోనంతో తూలకుండా నిలబడింది. మా అమ్మ పక్కనే అరుగు మీద ఫ్లాస్కులో చాయ్ పెట్టుకుని కూర్చుంది.

"బామ్మర్ది, ఒక మాట," అన్నాడు బావ నా చెవిలో. "ఆ యేడు నీ అంగీకి కల్లు వాసన, కుండకు ద్రాక్ష వాసన. నాకు గప్పుడే సమజైంది."

"మరి దోసిలెందుకు పట్టినవ్ బావా?"

"నిన్ను జర ఉడికిద్దామని. గని మీ అమ్మ చాయ్ తాగాలె కద, అందుకే ఊకున్న."

ఇన్నేళ్ళూ ఊకున్నాడు. నేనైతే ఆ రాత్రే ఊరంతా చెప్పి ఉండేవాడిని. సాక పోయడం అయ్యాక అందరూ జరిగి నాకు దారి ఇచ్చారు. అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అయినా సీసా మూత తీసి, గడప పక్కన, అత్త నిలబడి ఊగే చోట నేల మీద కొంచెం కొంచెంగా పోశాను. మట్టి తాగేసింది. వాసన పైకి లేచింది, ఉత్త ద్రాక్ష వాసన.

"మజ్జిగ లేదత్తా," అన్నాను మెల్లగా.